ఆటపాక దగ్గర ఫొటో తీసిన తాతకి ప్రింట్ ఎలా చేర్చాలి?

వేకువబండి:

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటా. ఫొటోగ్రఫీ నాకు ఉద్యోగం కాదు, ఆదివారాలు మాత్రమే. మూడేళ్లుగా చలికాలం వస్తే కొల్లేరు వెళ్తున్నా. మొన్న ఆదివారం జరిగింది చెప్పి మీ సలహా అడుగుదామని ఈ పోస్ట్, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్లాను. ఆటపాక పక్షుల కేంద్రం మీలో చాలామందికి తెలిసిందే, ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి, ఆ ఫొటోలు నా దగ్గర ఇప్పటికే వందల్లో ఉన్నాయి. అందుకని ఈసారి లోపలికి పోకుండా కొల్లేటికోట వైపు దారిలో ఒక గట్టు పక్కన కారు ఆపా. మంచు బాగా ఉంది. ఏసీ కారులోంచి కెమెరా బయటికి తీయగానే లెన్స్ మొత్తం ఆవిరి పట్టేసింది, అవతల సూర్యుడు వచ్చేస్తున్నాడు, కంగారులో చొక్కా అంచుతో తుడవబోతుంటే వెనకనించి ఒక గొంతు, "తుడవమాక బాబూ, గీతలు పడతయ్. గాలికి ఒగ్గెయ్, అదే పోద్ది."

తిరిగి చూస్తే ఒక తాత. డెబ్బై దాటి ఉంటాయి. దోనెలో నుంచుని గెడ వేసుకుంటూ గుర్రపుడెక్క మధ్యలోంచి గట్టు దగ్గరకొచ్చాడు, తలకి ఎర్ర తువ్వాలు, మందపాటి కళ్లజోడు. కళ్ల ఆపరేషన్ అయినకాణ్ణించి తన అద్దాలకీ పొద్దున్నే ఇలాగే పడుద్దని, తుడిచి తుడిచి ఒక జత పాడు చేసుకున్నానని చెప్పాడు. పదినిమిషాల్లో నిజంగానే ఆవిరి పోయింది.

తర్వాత నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే "దేనికోసం" అని అడిగాడు, ఎగిరే గూడబాతుల కోసం అన్నా. ఇప్పుడు లేవవు, ఎండ కాస్త ముదరాలి, అప్పుడు గాలికి ఎదురు లేస్తయ్, నువ్వు నుంచున్న చోట నుంచుంటే నీకు వీపులే కనపడతయ్, అదిగో ఆ తుమ్మచెట్టు కాడికి పో అన్నాడు. పోయాను. తొమ్మిది దాటాక సరిగ్గా ఆయన చెప్పినట్టే ఒక్కొక్కటీ లేచి, రెక్క ఆడించకుండా చుట్టూ తిరుగుతూ పైకి పైకి వెళ్లాయి, ముప్పై దాకా ఉంటాయి, నా తల మీద నించే. మూడేళ్లలో నేను తీసిన వాటిల్లో అంత మంచి ఫ్రేమ్ లేదు.

ఈలోపు ఆయన తన పని తను చేసుకున్నాడు. మావులు, అంటే చేపలు పట్టే వెదురు బోనులు, ఎత్తడం, దులపడం, చేపల్ని బుట్టలో వెయ్యడం. మట్టగిడసలు, నాలుగు జెల్లలు, అంతే. ఒకప్పుడు ఇదే మావుకి ఇంగిలాయిలు ఎన్ని పడేవో చెప్పాడు. 2006లో చెరువు గట్లు పేల్చేసిన రోజుల సంగతి చెప్పాడు, ఐదో కాంటూరు (అభయారణ్యం హద్దుగా పెట్టిన ఎత్తు గీత) లోపల ఎవరి చెరువు పోయింది, తర్వాత ఎవరు మళ్లీ గట్టు వేసుకున్నారు అన్నీ. గంటన్నర నుంచున్నా. పెద్ద లెన్స్ తీసి 50 ఎంఎం పెట్టి, తాతా నిన్నొకటి తీసుకోనా అన్నా. మావు మోకాలికి ఆనించి నుంచున్నాడు, నేనేం చెప్పలేదు, ఆయనే అలా నుంచున్నాడు. నాలుగు తీశా. కెమెరాలో చూపిస్తే కళ్లజోడు పైకెత్తి దగ్గరగా పెట్టుకుని చూసి "ఈ బొమ్మ నాకోటి ఇత్తావా" అన్నాడు. తనకున్న ఫొటో ఆధార్ కార్డు మీదది ఒక్కటేనట. తప్పకుండా ఇస్తా తాతా అన్నా.

ఇక్కడే తప్పు చేశా. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆయనకి ఫోన్ లేదు. ఆయన దోనె తిప్పుకుని వెళ్లిపోయాడు, నేను కారెక్కేశా. గుడివాడ దాటాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లా కూడా, గట్టు మీద ఎవరూ లేరు.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్దామని ఉంది. నా ప్రశ్నలు రెండు. ఏ సైజు, ఏ పేపర్ మీద ప్రింట్ వేయిస్తే ఆ ఇంట్లో పదేళ్లు ఉంటుంది? ఆయన్ని ఎలా వెతకాలి? ఆ చుట్టుపక్కల వాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి, మాట ఇచ్చి వచ్చాను, నిద్ర పట్టట్లేదు.

మ్యాట్‌ఫినిష్:

మొదటి ప్రశ్నకి నేను చెప్తా, 19 ఏళ్లుగా రాజమండ్రిలో స్టూడియో నడుపుతున్నా. 8×12 అంగుళాలు వేయించండి. మీ కెమెరా 24 మెగాపిక్సెల్ అయితే ఫైల్ 6000×4000 వస్తుంది, 8×12కి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 3600×2400 చాలు, ఇంకా మిగులుతుంది. 8×10 మాత్రం వద్దు, కెమెరా ఫ్రేమ్ కొలత వేరు, ల్యాబ్ వాడు అటో ఇటో కోసేస్తాడు, ఆయన చేతిలో మావు సగం తెగిపోతుంది.

గ్లాసీ వద్దు, మ్యాట్ వేయించండి. కొల్లేరు చుట్టూ ఇళ్లల్లో చెమ్మ ఎక్కువ, గ్లాసీ ప్రింట్ అద్దానికి ఆనించి ఫ్రేమ్ కడితే నాలుగు వానాకాలాలకి అద్దానికి అతుక్కుపోతుంది, తర్వాత ఊడదీస్తే మొహం మొహంలా ఉండదు, అలా పాడైనవి నా దగ్గరికి ఎన్ని తెచ్చారో లెక్కలేదు. ప్రింట్‌కీ అద్దానికీ మధ్య మౌంట్ (చుట్టూ అంచులా ఉండే అట్ట) పెట్టమనండి, వెనక హార్డ్‌బోర్డ్ అంచులకి టేప్ వేయించండి.

ఇంకోటి ముఖ్యం. ఫోన్లో చూసి బాగుంది కదా అని పంపేయకండి, స్క్రీన్‌కి వెలుగుంటుంది, పేపర్‌కి ఉండదు, ఎండలో నల్లబడ్డ మొహం ప్రింట్‌లో ఇంకాస్త నల్లగా దిగుతుంది. అందుకని కొంచెం ఎక్స్‌పోజర్ పెంచండి, షాడోలు కాస్త ఎత్తండి. అంతేగానీ తెల్లగా చేయమని ల్యాబ్‌లో చెప్పకండి, చెప్పకపోయినా కొందరు చేసేస్తారు, ముందే "స్కిన్ ముట్టుకోవద్దు" అని చెప్పాలి. ముడతలు తీసేసిన మొహం ఆయనది కాదు. ఒక పెద్దదానితో పాటు 4×6వి నాలుగు వేయించండి, కూతుళ్లు కొడుకులు అడుగుతారు.

రీల్_కింగ్_బెజవాడ:

బ్రో ఇంత ఎందుకు, ఫొటో ఇన్‌స్టాలో పెట్టు, కైకలూరు పేజీలు రెండింటిని ట్యాగ్ చెయ్, సాయంత్రానికి ఎవరో ఒకరు మా తాతే అంటారు. నీ ఫొటోకి రీచ్ కూడా వస్తది.

పాతనెగెటివ్:

పై సలహా మంచి మనసుతోనే ఇచ్చారు, కానీ నేను ఒప్పుకోను అండి. ఆయన కాపీ అడిగాడు, ఊరందరికీ చూపించమని అడగలేదు. ఆయనకి ఫోన్ లేదు, తన మొహం ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆయనకి తెలిసే దారే లేదు. ముందు ఆయన చేతికి ఇచ్చి, నలుగురికీ చూపించనా అని అడిగి, సరే అంటే అప్పుడు పెట్టండి.

ఈ సందర్భంలో ఒకటి చెప్పాలి. 1936లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతల కూలీల గుడారాల్లో డొరొథియా లాంజ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక తల్లిని, ఆవిడ భుజాల మీద తలలు వాల్చి అటు తిరిగిన పిల్లల్ని తీసింది. మనలో ఆ ఫొటో చూడనివాళ్లు ఉండరేమో. అక్కడి ఆర్థిక మాంద్యం రోజులంటే ప్రపంచమంతా ఆ మొహాన్నే చూపించింది. లాంజ్ ఆ తల్లి పేరు అడగలేదు. నలభై ఏళ్లు దాటాక, 1978లో ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడింది. అసలు ఆ ఫొటో తీయకపోయినా బాగుండేది, నా పేరు కూడా అడగలేదు, నాకొక కాపీ పంపిస్తానంది, పంపలేదు అని అన్నారు. 1983లో పోయారు. 1998లో ఆ ఫొటోతో తపాలా బిళ్ల కూడా వేశారు.

లాంజ్ చెడ్డ మనిషని నేను అనట్లేదు, ఆవిడ ఫొటోలు పత్రికలో పడ్డాకే ఆ గుడారాలకి ప్రభుత్వం తిండి పంపింది. కానీ ఒక్క కాపీ. ఆ ఒక్క కాపీ సంగతి ఆ తల్లికి నలభై ఏళ్లు గుర్తుంది. కొల్లేరు తాతకి కూడా గుర్తుంటుంది. కాబట్టి మీరు వెళ్లండి, మళ్లీ వారం అని వాయిదా వెయ్యకండి.

గెడకర్ర:

అన్నా నమస్తే, మాది కైకలూరు పక్కనే. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయన లంక ఊళ్ల ఆయనే, రోడ్డు మీది ఊళ్లలో అడిగితే లాభం లేదు. గట్టు మీద కాపు కాయడం కూడా వద్దు, నీళ్లు తగ్గేకొద్దీ మావులు పెట్టే చోటు మారుస్తుంటారు, రేపు వారం ఆయన అక్కడికి రాకపోవచ్చు.

చేపల కాటా దగ్గరికి పోండి. పొద్దున్న ఏడింటి లోపు. ఆ పక్క దోనెల వాళ్లందరూ పట్టుకొచ్చిన నాలుగు కేజీలైనా అక్కడే తూకం వేయించాలి, ఐస్ పెట్టెల వ్యాను వచ్చేది అక్కడికే. కాటా రాసే మనిషికి అందరూ తెలుసు. ఫోన్లో చూపించబాకండి, ఎండలో స్క్రీన్ కనపడదు, చేతులు తడిగా ఉంటాయి, ఎవరూ పట్టుకోరు. ప్రింట్ తీసుకెళ్లి చూపించండి, 4×6 ఒకటి చేతిలో పెట్టుకుని అడిగితే అరగంటలో ఇల్లు చూపిస్తారు.

ఇంకో మాట, అటవీ శాఖ వాళ్ల పనో, చెరువుల సర్వేనో అనుకుని కొంతమంది నోరు మెదపరు. కెమెరా మెళ్లో వేసుకుని వెళ్లకండి. ముందు ప్రింట్, తర్వాత మాట, ఆ తర్వాతే కెమెరా. దొరక్కపోతే పెద్దింట్లమ్మ తీర్థం దాకా ఆగండి, ఫాల్గుణంలో చుట్టుపక్కల లంకల వాళ్లందరూ కొల్లేటికోట వస్తారు. కానీ అంతదాకా అవసరం పడదు అనుకుంటా.

తునికాకు:

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదివి పోత. ఇది చదివినంక ఉండలేకపోయిన. మాది జగిత్యాల దిక్కు.

మా నాయినమ్మ బీడీలు చేసేది. చిన్నప్పటి నుంచి నేను చూసింది ఒక్కటే, అరుగు మీద కూసోని ఒళ్లె చాట పెట్టుకోని తునికాకు కత్తిరిచ్చుడు. 2014ల పోయింది. మా నాయిన అప్పుడు మస్కట్‌ల ఉండె, సెలవు దొరకక రాలేకపోయిండు, ఫోన్ జేసి అమ్మ ఫొటో ఒకటి పంపుండ్రి అన్నడు. ఇల్లంత దేవులాడినం. తాతవి మూడు ఉన్నయి, పెండ్లిల తీసింది, పటేల్ల ఇంట్ల తీసింది, ఒకటైతే కుర్చీల కూసోని ఉన్నది. నాయినమ్మది ఒక్కటి లేదు. మా పెండ్లిళ్ల ఫొటోలల్ల కూడ లేదు, ఎందుకంటె ఫొటోలు తీసేటప్పుడు ఆమె వంటల కాడ ఉండె.

ఆఖరికి బీడీ కార్మికుల కార్డు మీదున్న ఫొటో దొరికింది, గోటంత ఉంటది, మొహం మీద సగం దాక ముద్ర. దాన్ని స్టూడియోకి పట్కపోతే పెద్దగ జేసిండు. మసక మసక. మంచిగ కనపడాలె అని ఎవ్వరిదో పట్టుచీర ఒళ్లు తెచ్చి తల అతికిచ్చిండు, వెనుక నీలం పరదా పెట్టిండు. మా నాయినమ్మ జిందగీల పట్టుచీర కట్టలె. చెవులకు గంటీలు ఉండేటియి, ఆ ముద్ర తీసేటప్పుడు అవి కూడ పోయినయి. దినం నాడు ఆ ఫొటోకే దండ ఏసినం. మా నాయిన తర్వాత ఏడు ఇంటికొచ్చి దాని ముందట నిలవడి చానసేపు చూసిండు, చూసి, ఇది అమ్మ కాదు అన్నడు. అంతే అన్నడు.

అన్నా, ఆ తాతకు ఫొటో ఇయ్యుండ్రి, మంచిదే. కని ఆయనింట్ల ముసలమ్మ ఉంటె ఆమెది తీయుండ్రి. ఆమె నాకెందుకు అంటది, తప్పకుండ అంటది, లోపలికి పోతది. మీరు మల్ల అడుగుండ్రి. మగోళ్లు బయట తిరుగుతరు, ఎక్కడో ఒక కాడ ఎవరో ఒకరు తీస్తరు, ఇంట్ల ఉన్న ఆడోళ్లను ఎవ్వరు తీయరు.

మ్యాట్‌ఫినిష్:

తునికాకు గారూ, మీరు రాసింది చదివి కాసేపు షాపులో ఊరికే కూర్చున్నా. అలాంటి తలలు నేనూ అతికించాను. ఇంట్లోవాళ్లు ఏడుస్తూ వస్తారు, దినం ఎల్లుండి అంటారు, ఉన్నదాంట్లో ఏదో ఒకటి చేసివ్వాలి. కానీ ఒంటి మీద ఏం ఉండేవి, ఏ చీర కట్టేవారు అని అడిగి చేయొచ్చు, నేను కొన్నేళ్లు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా. మీ దగ్గర ఆ కార్డు ఇంకా ఉంటే అలాగే దాచండి, స్టూడియోవాడు చేసింది కాదు, అసలు కార్డు. దాన్ని 1200 డీపీఐలో స్కాన్ చేయించి ఫైల్ పంపితే నేను ప్రయత్నం చేస్తా, గంటీలు ఏమన్నా మిగిలి ఉన్నాయేమో చూద్దాం. డబ్బులు వద్దు.

వేకువబండి:

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నా. ముందు అందరికీ థాంక్స్. గెడకర్ర తమ్ముడు చెప్పినట్టే చేశా, 8×12 ఫ్రేమ్ కట్టించి కారులో పెట్టి, 4×6 ఒక్కటి జేబులో వేసుకుని, కెమెరా డిక్కీలోనే ఉంచి ఆరున్నరకల్లా కాటా దగ్గరికి వెళ్లా.

కాటా రాసే ఆయనకి ఇచ్చా. ఆయన చూసి ఏమీ అనకుండా పక్కాయనకి ఇచ్చాడు, ఆయన లుంగీకి చెయ్యి రెండుసార్లు తుడుచుకుని అంచులు పట్టుకుని తీసుకున్నాడు. అలా ఆరేడుగురి చేతులు మారింది. ఒకాయన "ఎక్కడ్నించొచ్చారు, దేనికి" అని గట్టిగా అడిగాడు, ఇలా మాటిచ్చాను, ప్రింట్ ఇవ్వడానికి వచ్చాను అంటే, దీనికోసం బెజవాడ నించి వచ్చారా అని మళ్లీ అడిగాడు. తర్వాత ఆయనే నా కారెక్కి దారి చూపించాడు.

తాత వాకిట్లో కూర్చుని పాడైన మావుకి కొత్త వెదురుబద్దలు కడుతున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి "అద్దం ఆవిరి అబ్బాయి" అన్నాడు. ఫ్రేమ్ ఇచ్చా. దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. మొహం సంగతి ఏమీ అనలేదు. "ఆ మావు చూడు, నా చేత్తో అల్లింది, బద్దలన్నీ కనపడతన్నయ్" అన్నాడు. పక్కింటి వాళ్లు వచ్చారు, అందరూ చూశారు, గోడకి మేకు కొట్టేశారు. ఇన్‌స్టాలో పెట్టనా తాతా అని కూడా అడిగా, అదేంటో నాకొచ్చినట్టు వివరించా, మా మనవణ్ణడిగి చెప్తా అన్నాడు. సరే, అందాకా పెట్టను.

మామ్మ గుమ్మం లోపలే నుంచుని చూస్తోంది. తునికాకు గారి మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది, మామ్మా నిన్ను తీస్తా అన్నా. "నాకెందుకు బాబూ, ముసిల్దాన్ని" అని లోపలికి వెళ్లిపోయింది. అచ్చం ఆవిడ రాసినట్టే. తాత కూడా దానికి సిగ్గులే అన్నాడు. నేను రెండోసారి అడిగా, మూడోసారి గుమ్మం దగ్గరికెళ్లి అడిగా. జవాబు లేదు. సర్లే అని అరుగు మీద కూర్చున్నా, టీ ఇచ్చారు, తాగా. ఒక పావుగంట తర్వాత మామ్మ బయటికొచ్చింది. తల తడిచేసి దువ్వుకుని, కొప్పులో ఇంత కనకాంబరం, ఆకుపచ్చ నేత చీర, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి. తాత లేచి పక్కన నుంచోబోతే "నువ్వుండు, నీది గోడెక్కిందిగా, నన్నొక్కదాన్నే తియ్యమను" అంది.

వంటపాక పక్కన వెలుతురు బాగుంది, అక్కడ నుంచోబెట్టా. నొక్కినప్పుడల్లా కళ్లు మూసేస్తోంది, పదకొండు తీశా, రెండింట్లో కళ్లు తెరిచి ఉన్నాయి. స్క్రీన్ మీద చూపించా. కాసేపు చూసి అడిగింది ఒక్కటే, "ముక్కుపుడక పడిందా?" అది వాళ్లమ్మదట. పెద్దది చేసి చూపిస్తే కనపడింది కానీ ఎండ సరిగ్గా దాని మీదే పడి తెల్ల చుక్కలా ఉంది, రాయి రంగు తెలియట్లేదు. ఎర్రరాయి అని చెప్పింది. మళ్లీ తీద్దామంటే చాల్లే పొయ్యి మీద కూరుంది అని వెళ్లిపోయింది.

మ్యాట్‌ఫినిష్ గారూ, రా ఫైల్ (కెమెరా ఏమీ మార్చకుండా దాచిన అసలు ఫైల్) ఉంది. ఆ చుక్కలో ఎరుపు వెనక్కి తేగలమా? రంగు నేనే పూసేస్తే బాగోదు, ఉన్నది రావాలి. ఈసారి పేరు, ఊరు, మనవడి నంబరు అన్నీ రాసుకున్నా.

మ్యాట్‌ఫినిష్:

పంపండి చూద్దాం. రా ఫైల్‌లో మూడు రంగులూ ఒకేసారి పూర్తిగా పోవడం తక్కువ, ఆకుపచ్చ పోయినా ఎరుపులో కొంత మిగిలి ఉండొచ్చు. ముందు మొత్తం ఫొటోని ఒకటిన్నర స్టాపు (ఎక్స్‌పోజర్ కొలత) తగ్గించి ఆ చుక్క ఒక్కటే చూడండి, అంచున ఎక్కడైనా ఎర్ర జీర కనపడితే అంతా ఉన్నట్టే, అక్కడ మాత్రం బ్రష్‌తో హైలైట్ దించుకుంటే చాలు, మొహం వెలుగు అలాగే ఉంచండి. అసలు ఏమీ లేకపోతే పూయొద్దు, మళ్లీ వెళ్లి నీడలో తీయండి. కూర పొయ్యి మీద లేనప్పుడు.

తునికాకు:

మ్యాట్‌ఫినిష్ అన్నా, కార్డు మా చిన్నత్త దగ్గర దొరికింది. రేపు కరీంనగర్ పోయి స్కాన్ జేపిస్త. వేకువబండి అన్నా, మామ్మ ఫొటో కూడ అదే సైజుల ఏపియ్యుండ్రి, తాతదానికన్న చిన్నది వద్దు.